మోటివ్ పవర్ బ్లీడర్: మెత్తబడ్డ బ్రేక్ పెడల్ దగ్గర దాని పని ఎంత, నా పని ఎంత

పెద్ద బ్రేకులు వేయించుకున్నవాడెవడైనా పెడల్ మునుపటి కంటే గట్టిగా, పైపైనే పట్టుకోవాలని ఆశిస్తాడు. నా బండిలో దానికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. పెడల్ మొదటి సగం ప్రయాణం వరకు ఏమీ లేనట్టు దిగిపోయేది, ఆ తరువాత నానిన స్పాంజి మీద కాలు మోపినట్టు ఉండేది. వెంటనే రెండోసారి నొక్కితే కొంత పైన దొరికేది. ఆ లోపాన్ని వెతికే క్రమంలో కొన్న, బ్రేక్ లైన్లలోని గాలిని బయటికి తీసే పరికరమే మోటివ్ ప్రోడక్ట్స్ వారి పవర్ బ్లీడర్. దాన్ని కొన్న మొదటి వారంలోనే సమీక్ష రాసి ఉంటే చాలా కటువుగా రాసేవాణ్ణి, ఎందుకంటే దానితో మొదటిసారి ఎయిర్ తీసినప్పుడు పెడల్‌లో వెంట్రుకవాసి మార్పు కూడా రాలేదు. తప్పు పరికరానిది కాదని తేలడానికి మరో రెండు వారాంతాలు పట్టింది.

బండి వోక్స్‌వ్యాగన్ పోలో, 2020లో మన మార్కెట్లోకి వచ్చిన 1.0 టీఎస్‌ఐ ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. వారమంతా హైదరాబాదు ట్రాఫిక్‌లో ఆఫీసుకు తిరిగే ఈ బండే ఏడాదిలో మూడు నాలుగు సార్లు చెన్నైకి ఇవతల శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్ళి వస్తుంది. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడు పెడల్ ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం ఎలాంటి అనుభవమో ఒక్కసారి చవిచూశాను. ఆ సెషన్‌లో రెండో ల్యాప్‌కే బండిని పిట్స్‌లోకి తెచ్చి ఆపేశాను.

వేయించినవి ముందు చక్రాలకు మాత్రమే: నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు), పెద్ద డిస్కులు, స్టీలు అల్లిక ఉన్న హోస్ పైపులు. వెనుక డ్రమ్ములను అలాగే ఉంచాను. బిగించింది హైదరాబాదులో ఒక గ్యారేజీ. పేరు చెప్పడం ఇక్కడ అనవసరం. పెడల్ మెత్తగా ఉందని తిరిగి వెళితే అక్కడి మెకానిక్ రెండుసార్లు పంపు కొట్టి చూసి, "అన్నా, ఏబీఎస్ మాడ్యూల్ పోయినట్టుంది, మార్చాలి" అన్నాడు. గట్టి బ్రేకింగులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఆ మాడ్యూల్ ధర విన్నాక ఇక నేనే చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. బ్రేకుల విషయంలో ఇలాంటి మొండితనం అందరికీ పనికిరాదు. జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి, ఓపిక, ఈ మూడింట్లో ఏది లేకపోయినా మరో గ్యారేజీ వెతుక్కోవడమే మేలు.

మొదట లెక్క వేసుకున్నాను. కొత్త కాలిపర్లకు ఎక్కువ ఆయిల్ కావాలేమో, పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే పాత మాస్టర్ సిలిండర్ దానికి చాలడం లేదేమో అన్న అనుమానం బ్రేకులు మార్చిన ప్రతివాడికీ వస్తుంది. పాత కాలిపర్‌లో ఉన్న ఒకే ఒక్క పిస్టన్‌ను వెర్నియర్‌తో కొలిస్తే వ్యాసం 54 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2,290 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం. కొత్త కాలిపర్‌లో ఒక్కొక్కటి 40 మిల్లీమీటర్ల పిస్టన్లు డిస్కుకు ఇటు రెండు, అటు రెండు ఉంటాయి. ఇక్కడ నాలుగింటినీ కలిపి లెక్కించడం పొరపాటు. పాత కాలిపర్ జారే రకం కాబట్టి దాని ఒక్క పిస్టనే రెండు వైపుల ఖాళీనీ పూడుస్తూ రెట్టింపు దూరం కదులుతుంది. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్‌లో ఒక్కో వైపు పిస్టన్లు తమ వైపు ఖాళీని మాత్రమే పూడుస్తాయి. అందువల్ల ఒక వైపు వైశాల్యాన్నే పోల్చాలి: రెండు పిస్టన్లకు సుమారు 2,513. తేడా పది శాతం లోపే. పది శాతం ఎక్కువ ఆయిల్ అంటే పెడల్ కాస్త పొడుగవుతుంది, అంతేగాని సగం దాకా ఊరికే దిగిపోదు. కొత్త బ్రేకుల కిట్టు నిర్దోషి అని, మాస్టర్ సిలిండర్ సైజు మార్చే అవసరం లేదని ఈ చిన్న లెక్క చెప్పేసింది. కిట్లు అమ్మేవాళ్ళు పిస్టన్ కొలతలు అడిగితే చిరాకుపడతారు, అయినా అడగాలి.

ఇక పరికరం సంగతి. పవర్ బ్లీడర్ అంటే పురుగుమందు కొట్టే చేతిపంపు డబ్బా లాంటిదే అనుకోండి. సుమారు రెండు లీటర్లు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు, పైన చేతితో కొట్టే పంపు, ఒక ప్రెషర్ గేజి, అక్కడి నుంచి ఒక ట్యూబు, ఆ ట్యూబు చివర మన బ్రేక్ ఆయిల్ డబ్బా మూత స్థానంలో బిగించే అడాప్టర్ మూత. ట్యాంకులో కొత్త ఆయిల్ పోసి పంపు కొడితే గాలి ఒత్తిడికి ఆయిల్ మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలోకి, అక్కడి నుంచి లైన్లలోకి తోసుకుంటూ వెళుతుంది. మనం చక్రం దగ్గర కూర్చుని నిపుల్ (ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మర) వదులు చేస్తే పాత ఆయిల్, దానితోపాటు గాలి బుడగలు బయటికి వస్తాయి. లోపల కూర్చుని "నొక్కు, వదులు" అనిపించుకునే రెండో మనిషి అక్కరలేదు. ఈ ఒక్క సౌకర్యానికే చాలామంది దీన్ని కొంటారు. మా ఇంట్లో ఆ రెండో మనిషి పాత్ర మా తమ్ముడిది; బ్లీడర్ వచ్చాక అందరికంటే ఎక్కువ సంతోషించింది వాడే.

నేను దాన్ని ఎప్పుడూ 15 పీఎస్‌ఐ దాటించలేదు, అంటే సుమారు ఒక బార్. మొదట ట్యాంకులో ఆయిల్ పోయకుండా, ఖాళీగానే ఒత్తిడి ఎక్కించి గేజి ముల్లును కొన్ని నిమిషాలు చూడడం నా అలవాటు. ముల్లు దిగితే అడాప్టర్ మూత సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఈ పరీక్ష మానేసి నేరుగా ఆయిల్‌తో మొదలుపెట్టిన రోజున మూత అంచు నుంచి బ్రేక్ ఆయిల్ చిమ్మి ఫెండర్ మీద పడింది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, తుడిస్తే పోదు, వెంటనే నీళ్ళతో కడగాలి. నా బండి కుడి ఫెండర్ మీద రూపాయి బిళ్ళంత మేర మెరుపు పోయిన మచ్చ ఇప్పటికీ ఉంది. మూత చుట్టూ తడిగుడ్డ చుట్టడం ఆ తరువాత నేర్చుకున్నాను. ఇంకో సంగతి, గేజి నిలబడిందంటే లైన్లలో ఎక్కడా లీకు లేదని అనుకోకూడదు. గట్టి బ్రేకింగులో లైన్లలో ఉండేది పదుల బార్ల ఒత్తిడి; ఒక బార్ దగ్గర కారని జాయింటు అక్కడ కారవచ్చు. అందుకే పని అయ్యాక ఒకరు పెడల్‌ను బలంగా తొక్కి పట్టుకోగా ప్రతి జాయింటునూ టార్చి వేసి చూడాల్సిందే.

మొదటి వారాంతం ఒక లీటరు ఆయిల్ నాలుగు చక్రాల నుంచీ తీశాను. చివరికి సీసాలోకి వచ్చినది తేనెరంగు స్వచ్ఛమైన ఆయిల్, అందులో ఒక్క బుడగ లేదు. పెడల్ మాత్రం అలాగే ఉంది. ఇక్కడే నాకు పరికరం మీద కోపం వచ్చింది.

మరుసటి వారం ఎయిర్ తీయడం పక్కనపెట్టి రోగం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. మెత్తటి పెడల్ అనే ఒకే లక్షణం వెనుక వేరువేరు జబ్బులు ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో పరీక్ష ఉంది. ఇంజను ఆపి, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయేదాకా నాలుగైదుసార్లు తొక్కి, ఆ తరువాత ఒకే ఒత్తిడితో నిమిషంపాటు కాలు ఉంచాను. పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళు ఆయిల్‌ను వెనక్కి వదులుతున్నాయని అర్థం. నాది జారలేదు. కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్టు చేస్తే పెడల్ ఒక్క అంగుళం మేర దిగింది. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప లోపం కాదు. ఈ దిగడాన్ని చూసి కంగారుపడి బూస్టర్ మార్చినవాళ్ళు ఉన్నారు.

వరుసగా తొక్కితే పెడల్ పైకి వస్తోంది కాబట్టి మిగిలినవి రెండు: లైన్లో గాలి, లేదా ఎక్కడో ప్యాడ్లకో డ్రమ్ము లోపలి షూలకో ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఖాళీ. ఈ రెంటినీ విడదీయడానికి వెనుక డ్రమ్ములున్న బండికి సులువైన మార్గం ఉంది. హ్యాండ్‌బ్రేకును మూడు నాలుగు క్లిక్కులు పైకి లాగితే షూలు డ్రమ్ముకు దగ్గరగా జరుగుతాయి. అప్పుడు పెడల్ గుర్తించదగినంత పైకి వస్తే వెనుక ఖాళీ ఎక్కువగా ఉందన్నమాట. నా పెడల్ కొంచెం, దాదాపు పావు వంతు మెరుగుపడింది. డ్రమ్ము విప్పితే ఎడమవైపు, షూల ఖాళీని దానంతటదే సరిచేసే ఆటో అడ్జస్టర్ దుమ్ముకు బిగుసుకుపోయి కనిపించింది. శుభ్రం చేసి కదిలేలా చేశాను. ముందు బ్రేకులు మార్చినవాళ్ళలో ఎక్కువమంది వెనుకకు తిరిగి చూడరు, నేనూ చూడలేదు. పాత బ్రేకుల రోజుల్లోనే ఉన్న ఈ చిన్న లోపం కొత్త లోపంతో కలిసి పెద్దదిగా కనిపించింది.

మిగిలిన ముప్పావు కోసం మూడో వారాంతం కాస్త శ్రమ పడాల్సి వచ్చింది. రబ్బరు హోసులైతే ఒక్కొక్కదాన్ని క్లాంపుతో నొక్కి పెడల్ ఎప్పుడు గట్టిపడుతుందో చూడవచ్చు. స్టీలు అల్లిక ఉన్న హోసును అలా నొక్కితే లోపలి గొట్టం దెబ్బతింటుంది, బయటికి ఏమీ కనిపించదు, అదే ప్రమాదం. అందుకని ముందు కాలిపర్ల నుంచి హోసుల బాంజో బోల్టులు (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టులు) విప్పి, వాటి చివరలను బోల్టు, మూసిన నట్టు, రాగి వాషర్లతో మూసేశాను. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వాడాలి. రెండు కాలిపర్లూ పక్కకు వెళ్ళగానే పెడల్ బండరాయిలా మారింది. అంటే మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ మాడ్యూల్, లైన్లు, వెనుక చక్రాలు అన్నీ బాగానే ఉన్నాయి. ఆ క్షణాన నాకు గ్యారేజీ చెప్పిన మాడ్యూల్ ధర గుర్తుకొచ్చి నవ్వొచ్చింది.

తరువాత ఎడమ కాలిపర్‌ను మాత్రం కలిపి, గాలి తీసి చూస్తే పెడల్ మెత్తగా ఉంది. దాన్ని మూసి కుడిదాన్ని కలిపి చూస్తే సరిగ్గా అంతే మెత్తగా ఉంది. పోలోలో బ్రేక్ సర్క్యూట్లు ఐమూలగా, ముందు ఎడమ వెనుక కుడితో, ముందు కుడి వెనుక ఎడమతో కలిసి ఉంటాయి. రెండు వేరువేరు సర్క్యూట్లలో, రెండు చోట్లా ఒకే మోతాదులో లోపం ఉండడం యాదృచ్ఛికం కాదనిపించింది. కింద కూర్చుని కాలిపర్‌ను మొదటిసారి తీరిగ్గా చూశాను. డిస్కుకు ఇటూ అటూ ఉన్న రెండు సగాలను కలిపే సన్నని స్టీలు గొట్టం కాలిపర్ పైభాగాన వంతెనలా కనిపించింది. నేను మూడు వారాలుగా 11 నంబరు పానా పెట్టి తిప్పుతున్న రెండు నిపుల్స్ కింద, చక్రం రిమ్ముకు దగ్గరగా ఉన్నాయి. కిట్టు కాగితం తెరిస్తే బొమ్మలో గొట్టం కింద, నిపుల్స్ పైన.

ఎడమ కాలిపర్ కుడివైపు, కుడి కాలిపర్ ఎడమవైపు బిగించేశారు. నాలుగు పిస్టన్లూ ఒకే సైజువి, బోల్టు రంధ్రాలు పైకీ కిందికీ ఒకేలా ఉన్నాయి, హోసు చేరే చోటు వెనుక మధ్యలో ఉంది, కాబట్టి తలకిందులుగా బిగించినా ఏదీ అడ్డురాలేదు. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది; బయటికి పోయే దారి కింద ఉన్నప్పుడు ఆయిల్ ఆ గాలి కింద నుంచి జారిపోతుందే తప్ప దాన్ని మోసుకుపోదు. నేను పంపించిన లీటరు ఆయిల్ అంతా గాలి బుడగ అడుగున వరదలా ప్రవహించి సీసాలో పడిందన్నమాట. సీసాలో బుడగలు లేకపోవడమే నన్ను మోసం చేసింది.

కాలిపర్లను ఇటువి అటు మార్చి, సరైన టార్క్‌తో బిగించి, పవర్ బ్లీడర్‌ను మళ్ళీ 15 పీఎస్‌ఐకి ఎక్కించాను. లోపలివైపు నిపుల్ వదులు చేసిన కొద్ది క్షణాలకు పారదర్శకమైన ట్యూబులో చిటికెనవేలి పొడుగు గాలి ముక్క ఒకటి, దాని వెనుక సోడా నురగలాంటి బుడగల వరుస వచ్చాయి. బయటివైపు నిపుల్ నుంచి ఇంకా ఎక్కువ వచ్చింది. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్‌లో రెండు నిపుల్స్ నుంచీ తీయాలి, అందులో బయటిదాన్ని మర్చిపోయేవాళ్ళు తక్కువేమీ కాదు. బుడగలు ఆగాక రబ్బరు సుత్తితో కాలిపర్‌ను నాలుగు దెబ్బలు తట్టితే ఇంకో చిన్న గుత్తి బయటపడింది. పెడల్ ఇప్పుడు మొదటి అంగుళంలోనే గట్టిగా దొరుకుతోంది.

ఇక్కడి నుంచి చూస్తే పవర్ బ్లీడర్‌కు నేనిచ్చే మార్కులు మారిపోయాయి. దాని పని ఆయిల్‌ను నిలకడగా, ఆగకుండా తోయడం. ఆ పనిని అది మిగతా పద్ధతుల కంటే బాగా చేస్తుంది. ఇద్దరు మనుషుల పాత పద్ధతిలో పెడల్‌ను పూర్తిగా కిందిదాకా తొక్కడం వల్ల మాస్టర్ సిలిండర్ సీళ్ళు మామూలుగా ఎన్నడూ వెళ్ళని చోటికి వెళతాయి, పాత బండ్లలో అక్కడ పేరుకున్న తుప్పు వాటిని కోసేస్తుంది. ఎయిర్ తీయడానికి ముందు జారని పెడల్ తరువాత జారడం మొదలుపెట్టిందంటే చాలాసార్లు కారణం ఇదే. నిపుల్ దగ్గర లాగే వాక్యూమ్ పంపుతో ఇంకో చిక్కు ఉంది: నిపుల్ మర చుట్టూ బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, బుడగలు ఎంతసేపటికీ ఆగవు, నిజమైన గాలి ఏదో దొంగ గాలి ఏదో తేలదు. ప్రెషర్ బ్లీడర్‌లో లోపలి ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే కాబట్టి కనిపించే ప్రతి బుడగా లోపలిదే.

లోపాలు లేవని కాదు. అడాప్టర్ మూత ఏ బండికి సరిపోతుందో చూసుకుని కొనాలి. నేను తీసుకున్నది యూరోపియన్ బండ్ల మరమూతది, పోలోకు సరిగ్గా కూర్చుంది, మా స్నేహితుడి మారుతి స్విఫ్ట్‌కు కూర్చోలేదు. గేజి చిన్నది, తక్కువ ఒత్తిడి దగ్గర ముల్లు చదవడానికి కళ్ళు చికిలించాలి. ట్యాంకులో మిగిలిపోయిన ఆయిల్ వృథానే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ డబ్బాలో పోసి దాచుకోలేం. చిన్న పనులకు నేనిప్పుడు ట్యాంకులో ఆయిల్ పోయకుండా గాలి ఒత్తిడి మాత్రమే ఇచ్చి, మాస్టర్ సిలిండర్ డబ్బాను మధ్యమధ్యలో నింపుకుంటున్నాను. ఆ పద్ధతిలో డబ్బా ఖాళీ అవుతోందేమో ఒక కన్ను వేసి ఉంచాలి, లేకపోతే మాస్టర్ సిలిండర్ గాలి మింగి మొదటికొస్తుంది.

ఆయిల్ గురించి ఒక మాట. నేను వాడేది మోటుల్ ఆర్‌బీఎఫ్ 600, కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం 312 డిగ్రీల సెల్సియస్ అని డబ్బా మీద ఉంటుంది. మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు ప్రమాణం అడిగేది కొత్తగా కనీసం 230, తేమ పట్టాక 155. ట్రాక్ మీద నాలుగైదు వేగమైన ల్యాపుల తరువాత మాత్రమే పెడల్ మెత్తబడి, బండి చల్లారాక తిరిగి కోలుకుంటే అది ఆయిల్ మరగడం; కాలిపర్ తలకిందులైతే ఇంటి గేటు దాటకముందే తెలుస్తుంది. పెడల్ గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు వేడికి లొంగిపోవడం, దానికి ఆయిల్‌తో సంబంధం లేదు. ఈ మూడింటినీ కలిపి "బ్రేకులు ఫేడ్ అయ్యాయి" అనేస్తే వైద్యం దొరకదు.

సరిచేశాక ట్రాక్‌కు మళ్ళీ వెళ్ళినప్పుడు పెడల్ ఒకే ఒక్క చోట పొడుగ్గా అనిపించింది, అదీ ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే కర్బు మీదుగా వెళ్ళిన తరువాతి బ్రేకింగులో. కర్బు మీద చక్రం అదిరినప్పుడు డిస్కు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, ఇలాంటి ఎదురెదురు పిస్టన్ల, కదలని కాలిపర్‌లో ఈ బెడద ఎక్కువ. స్ట్రెయిట్ మీద ఉండగానే ఎడమకాలితో పెడల్‌ను ఒక్కసారి తేలిగ్గా తాకితే ప్యాడ్లు తిరిగి దగ్గరకొస్తాయి. ఇంటికొచ్చాక ముందు హబ్ బేరింగులు ఊపి చూస్తే కుడివైపుది కొద్దిగా ఆడుతోంది; దాన్ని మార్పించాను. పవర్ బ్లీడర్ ఈ పనిలో పెట్టెలోనే ఉండిపోయింది.